గుట్టల పేర్లు రాసిపెట్టండి

సంపాదకుడు గారికి,

మొన్న మా మనుమడు జీకే పుస్తకం పట్టుకొని "తాతా, ఎవరెస్ట్ అంటే అర్థమేంది?" అని అడిగాడు. అర్థం ఏమీ లేదురా, ఒక దొర ఇంటిపేరు అన్నాను. ఆ జార్జ్ ఎవరెస్ట్ కొత్తలో సర్వే చేసింది మన వైపే. కృష్ణా, గోదావరి నదుల నడుమ నిజాం రాజ్యపు అడవుల్లో తిరిగి జ్వరంతో మంచం పట్టాడు. 1843లో రిటైరయ్యాడు. ఆ శిఖరం ఎత్తు లెక్క తేలింది ఆ తర్వాతే. లెక్కగట్టిన రాధానాథ్ సిక్దర్ పేరు పిల్లల పుస్తకాల్లో వెతకాల్సిందే.

అప్పటిదాకా సర్వే కాగితాల్లో ఆ శిఖరం పదిహేనో నంబరు. 1856లో, ఎవరెస్ట్ తర్వాత సర్వే పెద్దగా వచ్చిన ఆండ్రూ వా దానికి తన పాత ఆఫీసరు పేరు ప్రతిపాదించాడు. స్థానికుల పేరేదీ తేలలేదన్నది ఆయన సాకు. టిబెట్‌లో దాన్ని చోమోలుంగ్మా అంటారు! ఇక్కడివాళ్లకు నోరు తిరగదని ఎవరెస్టే వద్దన్నా, 1865లో లండన్‌లో ఆ పేరే ఖాయం చేశారు. ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కేటూకైతే సర్వే నంబరే పేరైపోయింది.

మన దగ్గర పేర్లకు కొదవ లేదు. త్రిభువనమల్లుడనే బిరుదున్న చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి వల్ల ఆ కోట గుట్ట త్రిభువనగిరి, అదే భువనగిరి అయింది. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చింది అక్కడే. పెద్ద కోటల సంగతి సరే, ఎవరో ఒకరు రాస్తారు. నా బాధ ఊరి చివర గుట్టల గురించి. మా ఊళ్లో పులిగుట్ట, గొల్లబండ, ఎర్రబోడు అని పిలిచేవాళ్లం. రెవెన్యూ కాగితాల్లో వాటికి సర్వే నంబర్లే. పులిగుట్ట సగం ఇప్పటికే క్రషర్‌కు పోయింది. లారీ డ్రైవర్లు మిగిలిన సగాన్ని 'క్వారీ' అంటున్నారు, మా మనుమడూ అదే అంటున్నాడు.

క్వారీలు ఆపమని అడగడం లేదు, అది వేరే పంచాయితీ. ప్రతి గ్రామ పంచాయతీ తన గుట్టల పేర్లు, వాటి వెనుక కథలు ఒక రిజిస్టర్‌లో ఎక్కించాలి. గుట్ట కింద తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. బడిపిల్లలకు అప్పజెబితే రెండు ఆదివారాల పని. మా ఊళ్లో ఆ పేర్లన్నీ గుర్తున్నవాళ్లు ముగ్గురే మిగిలారు. ఇద్దరికి ఎనభై దాటాయి.

— ఒక రిటైర్డ్ టీచర్, నల్గొండ జిల్లా