జానెడు తక్కువైన బల్లగుడ్డ

యార్క్‌షైర్,
డిసెంబరు 26

ప్రియమైన బావకు,

ముందుగా నన్ను క్షమించు. నీ ఉత్తరం అక్టోబరులోనే చేరింది. జవాబు రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ తేదీ వేసిన చోటే కలం ఆగిపోయింది. ఇవాళ మధ్యాహ్నం డ్యూటీ ఉంది, రెండు రాత్రులుగా నిద్ర కూడా సరిగా లేదు. అయినా ఈ సంగతి నీకు చెప్పకపోతే గుండె నిలవదనిపించి, వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఇంటి విశేషాలు త్వరగా చెప్పేస్తాను. నీ చెల్లెలు కులాసాగా ఉంది, పెద్దవాడికి ముందు పళ్ళు రెండు ఊడాయి, చిన్నదానికి దగ్గు తగ్గింది, ఆసుపత్రిలో పని ఎప్పటిలాగే ఉంది, మంచు ఇంకా పడలేదు కానీ చలి ఎముకల్లోకి దిగుతోంది. నువ్వు అడిగిన ఆ కాగితాల సంగతి మరో ఉత్తరంలో రాస్తాను.

ఇక బల్లగుడ్డ సంగతి, అదే, ఇక్కడి చర్చిలో ప్రభుభోజన బల్లకు వేయడానికి మన ఊరి ఆడవాళ్ళు కుట్టి పంపిన గుడ్డ. ఖమ్మం చేనేత దుకాణంలో ఆ తెల్లని గుడ్డ బేరం చేసింది నువ్వే కనుక, దాని కథ చివరిదాకా వినే హక్కు నీకే ముందుంది.

నవంబరులో నేను ఊరికి వచ్చి తిరిగి వెళ్ళే రోజున పెద్దమ్మ దాన్ని ఉతికిన బియ్యపు సంచిలో పెట్టి నా చేతికిచ్చింది. నువ్వు గుడ్డ కొని ఇవ్వడమే చూశావు కానీ కుట్టిన తరువాత చూడలేదు కదా. మధ్యలో తంగేడు పూలతో సిలువ, దానికి రెండు వైపులా నాలుగేసి వరికంకులు. కాడలను కాడకుట్టుతో, గింజలను గొలుసుకుట్టుతో పసుపుపచ్చని దారంతో కుట్టారు. కంటి చూపు ఆనని వాళ్ళు కూడా అంచు మడతలైనా కుడతామని పట్టుబట్టారట. ఆ గుడ్డకూ దారానికీ అయిన ఖర్చంతా మన ఊరి గుడి ఆడవాళ్ళ సంఘం, స్త్రీల మైత్రి వాళ్ళు ఏడాది పొడుగునా కూడబెట్టిన పిడికెడు బియ్యం అమ్మగా వచ్చినదే. ఆ మాట చెబుతున్నప్పుడు పెద్దమ్మ ముఖం నువ్వు చూడవలసింది. "ఆరేళ్ళుగా క్రిస్మస్ కానుక మీ ఇంగ్లండు గుడివాళ్ళే పంపుతున్నారు, మనం పుచ్చుకుంటున్నాం. ఒక ఇంటికి వెళ్ళినప్పుడు ఎప్పుడూ ఒట్టి చేతులతోనే వెళతామా?" అంది.

ఆ మాట విన్నప్పుడు నాకు వెంటనే ఏది గుర్తొచ్చిందో నువ్వు ఊహించగలవు. హాస్టల్లో మన చేత కంఠతా పట్టించిన అజరయ్య గారి ఎడిన్‌బరో ప్రసంగమే. 1910లో, ఇంకా బిషప్ కాకముందు, ముప్ఫై అయిదేళ్ళ వయసులో, అక్కడి ప్రపంచ మిషనరీ మహాసభలో మిషనరీల ముందు నిలబడి, మీరు బీదలను పోషించడానికి మీ ఆస్తులిచ్చారు, కాల్చబడడానికి మీ శరీరాలిచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము, మాకు స్నేహితులనివ్వండి అని ఆయన అడిగారు. చిన్నప్పుడు మనం దాన్ని పోటీలో బహుమతి కోసం గట్టిగా అరిచి చెప్పాము. అందులో ఎంత బాధ ఉందో నాకు ఈ దేశం వచ్చాక అర్థమైంది. ఇంకో మూడు రోజులకు, అంటే 29వ తేదీకి, ఆయన కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో బిషప్పుగా అభిషేకం పొంది నూటపదేళ్ళు దాటిపోయాయి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు మన డోర్నకల్‌కు వచ్చారని ఇక్కడ చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. నేను మాత్రం చెప్పడం మానను.

ఇక్కడి గుడి గురించి నీకు ముందే రాశాను. పాత రాతి గోడలు, పొయ్యి వెలిగించినా వేడెక్కని గాలి. మామూలు ఆదివారం నలభై మంది వస్తే గొప్ప. వికారు గారు, అంటే గుడి పాస్టరు, ఒక్కరే, ఆవిడ అయిదు ఊళ్ళ గుళ్ళు చూసుకోవాలి. మిగతాదంతా ఊరివాళ్ళే వంతులు వేసుకుని నడుపుతారు. పువ్వులు పెట్టేది ఒకరు, ఇత్తడి సామాను తోమేది ఒకరు, గంటల తాళ్ళు లాగేవారు ఆరుగురు, ఆరాధన తరువాత టీ కాచేవారు ఇద్దరు. ఆగమన కాలంలో పిల్లలందరికీ తలా ఒక కమలాపండు, దాని చుట్టూ ఎర్ర రిబ్బను, మధ్యలో కొవ్వొత్తి గుచ్చి ఇస్తారు, దాన్ని క్రిస్టింగిల్ అంటారు. మావాడు ఆ పండుకు గుచ్చిన మిఠాయిలన్నీ ఆరాధన పూర్తికాక ముందే తినేశాడు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం పిల్లలు క్రీస్తు జననాన్ని ఆడి చూపే పశువులపాక ఆరాధనలో వచ్చిన కానుకను ఆరేళ్ళుగా డయోసిస్ (బిషప్పు కింద ఉండే గుళ్ళ మండలం) ద్వారా మన ఊరి సంఘానికి పంపుతున్నారు. మన గుడి వంటశాల కప్పు అలాగే వచ్చింది కదా.

ఈసారి వికారు గారు ఒక నిర్ణయం చేశారు. ఆగమన కాలమంతా బల్లమీద ఊదారంగు గుడ్డ ఉంటుంది కనుక, 24వ తేదీ సాయంత్రం దాన్ని తీసి మన తెల్లని గుడ్డను వేసి, అర్ధరాత్రి ప్రభుభోజన ఆరాధనలో దాని గురించి సంఘానికి చెబుతామన్నారు. అందరూ సంతోషించారు. ఎవరూ దాన్ని ముందుగా పరిచి చూడలేదు, నేనూ చూడలేదు. అదే నా తప్పు.

పశువులపాక ఆరాధన అయిపోయి, గొర్రెల వేషాలు వేసిన పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయాక, సాయంత్రం అయిదున్నరకు గుడిలో వికారు గారు, నేను, మదర్స్ యూనియన్ అనే స్త్రీల సంఘానికి చెందిన ఎనభై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ మాత్రమే మిగిలాము. ఊదా గుడ్డ మడతపెట్టాము. బియ్యపు సంచి విప్పి, మన గుడ్డ ఆ చివర ఆవిడ, ఈ చివర నేను పట్టుకుని బల్లకు ఆనించాము. సిలువ సరిగ్గా మధ్యకు వచ్చింది. ఎత్తు సరిపోయింది. పొడవు చాలలేదు. రెండు వైపులా కలిపి జానెడు తక్కువ, అటు నాలుగున్నర అంగుళాల చెక్క, ఇటు నాలుగున్నర అంగుళాల చెక్క బయటకు కనిపిస్తోంది.

ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది బావా. నేను ఫోనులో ఎనిమిది అడుగులన్నాను. పెద్దమ్మ దాన్ని మూరల్లోకి మార్చి, అంచు మడతలకు కొంచెం కలుపుకుని, ఆరు మూరలు లెక్క వేసింది. అది తప్పు లెక్క కాదు. కానీ ఆ మూర ఆవిడ మూర. పొట్టి మనిషి, చిన్న చెయ్యి. మన చిన్నప్పుడు సంతలో పూలు కొలిచేటప్పుడు ఆ మూర గురించి జరిగిన గొడవ నీకు గుర్తుండే ఉంటుంది, ఇక్కడ మళ్ళీ రాయను. ఒక టేపు కొని పంపాలన్న ఆలోచన నాకు రాకపోయింది. అంతమంది ముసలి చేతులు అన్ని నెలలు కుట్టిన గుడ్డ నా అశ్రద్ధ వల్ల తిరిగి సంచిలోకి వెళుతుందేమోనని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాత గుడ్డమీద దీన్ని పైన కప్పుదామని వికారు గారు మెల్లగా అన్నారు. పెద్దావిడ ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, గుడ్డ చివరను వేళ్ళమధ్య నలిపి చూసి, గుడి సామాను పెట్టే వెస్ట్రీ గదిలోకి వెళ్ళింది.

తిరిగి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో నార దారంతో నేసిన ఒక పాత తెల్లని బల్లగుడ్డ ఉంది. నడిమధ్య అరిగి పలుచబడి, ఎన్నో ఏళ్ళుగా సొరుగులో పడి ఉన్నదట, అంచులు మాత్రం గట్టిగా ఉన్నాయి. తొమ్మిది అంగుళాలూ ఒకే వైపు అతికితే సిలువ పక్కకు పోతుంది కనుక, కుట్టుకు పోయేది కలుపుకుని రెండు పట్టీలు కత్తిరించి, చెరొక చివర ఒకటి కలుపుదామంది. సంఘ పెద్దల అనుమతి కావాలేమోనని వికారు గారు సందేహించి, ఇద్దరికి ఫోను చేశారు. ఇద్దరూ వెంటనే సరేనన్నారు.

వెస్ట్రీలో చిన్న హీటరు పెట్టుకుని కూర్చున్నాము. ఆవిడ మధ్యవేలికి లోహపు తొడుగు పెట్టుకుని ఒక చివర, నేను రెండో చివర. ఆసుపత్రిలో గాయాలు కుట్టడం చూసిన చేతులే కానీ గుడ్డ కుట్టడానికి నా చేతులు వణికాయి. ముందు మన వాళ్ళు కుట్టిన అంచు మడత విప్పాలి కదా. ఒక్కొక్క కుట్టు చిన్న కత్తెరతో తెంపుతుంటే మడతలోంచి ఏవో తెల్లని గింజలు ఆవిడ ఒడిలో రాలాయి. బియ్యం. అయిదారు గింజలు. సంచిలోవి అనుకున్నాను, కానీ నా వైపు మడత విప్పినప్పుడూ అలాగే రాలాయి. ఎవరో కావాలనే కుట్టేటప్పుడు లోపల పెట్టారు.

ఇవి ఏమిటని ఆవిడ అడిగింది. నేను చెప్పాను. మన ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యం కొలిచినప్పుడు, కొలిచిన దానిలోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి ముంతలో వేస్తారని, ఇంట్లో అందరికీ చాలని రోజున కూడా ఆ పిడికెడు తీస్తారని, ఆదివారం ఆ ముంత తెచ్చి గుడిలో గంపలో పోస్తారని, ఈ గుడ్డ ఆ బియ్యంతో కొన్నదని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆ గింజలను అరచేతిలో పెట్టుకుని చూసింది. తరువాత గుడ్డమీది కంకులను వేలితో తడిమి, "నేను వీటిని గోధుమలనుకున్నాను" అంది. మా గుళ్ళలో బల్లగుడ్డలమీద గోధుమ కంకులే కుడతాము, అవి నిటారుగా ఉంటాయి, ఇవి ఎందుకు తలలు వంచుకున్నాయా అని అనుకుంటున్నానంది. వరికంకి గింజ పట్టాక వంగుతుందని చెప్పాను.

ఆవిడ ఆ గింజలన్నీ ఏరి, ఒక్కటి కూడా పోనివ్వకుండా, కొత్త పట్టీ అంచు మడతలో మళ్ళీ పెట్టి కుట్టేసింది. ఆ కుట్టు చూస్తుంటే నాకు నాయనమ్మ... సరే, అది మరోసారి రాస్తాను, ఇప్పుడు రాస్తే ఈ ఉత్తరం పూర్తికాదు.

పది దాటాక పని ముగిసింది. పట్టీలు కొంచెం పసుపువన్నె తిరిగిన తెలుపు, మన గుడ్డ పాలతెలుపు. అతుకు కనిపిస్తుంది, దాచడానికి ఎవరమూ ప్రయత్నించలేదు. గుడ్డ బల్లమీద వేసి దీపాలు వెలిగించేసరికి గంటలు మొదలయ్యాయి. అర్ధరాత్రి ఆరాధన ఇక్కడ పదకొండున్నరకు మొదలవుతుంది. అప్పుడు మన ఊళ్ళో సరిగ్గా తెల్లవారుజామున అయిదు గంటలు. మన క్రిస్మస్ ఆరాధన సమయం. ఆరేళ్ళుగా ఇక్కడ ఉండి ఈ రెండు ఆరాధనలూ ఒకే ఘడియలో మొదలవుతాయని నేనెప్పుడూ లెక్క వేసుకోలేదు. ఇక్కడ వికారు గారు రొట్టె విరిచే ముందే అక్కడ మన వాళ్ళు మొదటి కీర్తన ఎత్తుకుని ఉంటారు.

వికారు గారి ప్రసంగం చిన్నది. గుడి నిండిపోయింది, చాలామంది నిలబడ్డారు. జానెడు తక్కువైన సంగతి ఆవిడ దాచలేదు, బియ్యం గింజల సంగతీ చెప్పారు. ఇన్నేళ్ళూ మనం పంపుతున్నామని అనుకున్నాము, మనకూ ఒక చోట నుంచి రావలసినది ఉందని అనుకోలేదు, అన్నారు. ఆ తరువాత ఒక మాట అన్నారు. అది డోర్నకల్ కథీడ్రల్‌లో మన స్తంభం వెనక నువ్వు నా చెవిలో చెప్పిన మాటే. అక్షరం పొల్లుపోలేదు. నేను తల ఎత్తలేకపోయాను. నీకు తెలుసు కనుక ఇక్కడ రాయను.

రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి బల్ల దగ్గర మోకరించినప్పుడు నా కళ్ళముందు వరుసగా ఆ తలవంచిన కంకులున్నాయి. నా పక్కన పెద్దావిడ మోకరించలేక, కమ్మీ పట్టుకుని నిలబడి పుచ్చుకుంది.

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట అయింది. నిద్ర పట్టక పెద్దమ్మకు ఫోను చేశాను. అక్కడ పొద్దెక్కింది, గుడి బయట ఇడ్లీలు పెడుతున్నారు, పిల్లల గోల వినిపిస్తోంది. గుడ్డ బాగా కుదిరిందా అని అడిగింది. అబద్ధం చెప్పాలనిపించింది బావా, కానీ చెప్పలేదు. జానెడు తక్కువైందన్నాను. కాసేపు ఆవిడ నోట మాట రాలేదు. నేను గబగబా అంతా చెప్పాను, నార గుడ్డ, పట్టీలు, గింజలు మళ్ళీ లోపల కుట్టడం. "ఆ జానెడూ వాళ్ళు వేశారా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే సరిపోయిందిలే" అంది. ఆ గింజలు ఎవరు పెట్టారని అడిగితే చెప్పలేదు. పక్కన ఎవరో నవ్వడం మాత్రం వినిపించింది.

నీకొక పని. జనవరి 6న కథీడ్రల్ పండుగకు నువ్వు డోర్నకల్ వెళతావు కదా, 1939లో ఆ రోజునే ప్రతిష్ఠ జరిగిన సంగతి పెద్దావిడకు చెబితే ఆ గుడి ఫొటో కావాలంది. గోపురాలు, స్తంభాలు, మన స్తంభం కూడా బాగా కనిపించేలా తీసి పంపు. అజరయ్య గారి సమాధి ఫొటో కూడా. ఇంకొకటి, పెద్దమ్మకు ఆవిడ ఒక ఉత్తరం రాసి నా చేతికిచ్చింది, దాన్ని నేను తెలుగులోకి మార్చి పంపాలి, అందులో కుట్టు గురించి రెండు ప్రశ్నలున్నాయి, గొలుసుకుట్టులో గింజ ఉబ్బెత్తుగా రావడానికి మన వాళ్ళు ఏం చేస్తారని. నాకు తెలియదు. అక్కను అడిగి

బయట హారను వినిపిస్తోంది, తోటి నర్సు కారు వచ్చింది. అక్కకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మిగతాది తరువాత.

నీ బావ