రిపోర్టులో కాలమ్ సర్దడం కూడా పాఠమే

సంపాదకులు గారికి నమస్కారం.

మీ చదువుల పేజీలో శాప్ (కంపెనీల లెక్కలు, స్టాకు చూసే సాఫ్ట్‌వేర్) కోర్సుల గురించి తరచూ రాస్తుంటారు, జీతాలు, సర్టిఫికెట్లు అన్నీ ఉంటాయి, కానీ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో పిల్లలు ఎక్కడ తడబడతారో మాత్రం రాయరు. లిస్టు దగ్గర, అంటే ప్రోగ్రామ్ వరసలు, కాలమ్‌లుగా రాసిచ్చే రిపోర్టు దగ్గర. నేను మారతహళ్లిలో ఉంటాను, పన్నెండేళ్లుగా అబాప్, అంటే శాప్ ప్రోగ్రాములు రాసే భాష, రాస్తున్నాను. కర్నూలు, ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ పీజీల్లో ఉంటూ కోర్సు చేసిన పిల్లలు ఏటా మా టీమ్‌లో చేరుతుంటారు. తెలివైనవాళ్లే. కాలమ్ జరపాలంటే మాత్రం కోట్స్ మధ్య ఖాళీలు కొట్టి, రన్ చేసి చూసి, మళ్లీ రెండు ఖాళీలు కొడతారు, ఎందుకంటే వాళ్లకి నేర్పింది అంతే.

కిందటేడు ఒక గోడౌన్ స్టాక్ లిస్టులో సరుకు ఎంతుందో చూపే కాలమ్‌కి ఐదు గడుల (గడికి ఒక అక్షరం) వెడల్పే ఇచ్చారు. అంకె పట్టకపోతే అబాప్ ముందు కామాలు తీసేస్తుంది, అప్పటికీ చాలకపోతే ఎడమవైపు అంకెలు కోసేసి అక్కడ ఒక స్టార్ పెడుతుంది. లక్ష దాటిన ఐటమ్ దగ్గర ఆ స్టార్ పడింది. స్టోర్‌లో పెద్దాయన దాన్ని ప్రింటర్ మరక అనుకుని మిగిలిన నాలుగంకెలే రాసుకున్నారు, రెండు రోజులు లెక్క తేలలేదు, మాటలు పడింది ఆయనే. నాకు ఇప్పటికీ బాధే. పేర్ల దగ్గరైతే ఇంకా ప్రమాదం, కుడివైపు కోసేస్తుంది, గుర్తు కూడా పెట్టదు. 6204, 6205 అని చివర్లోనే తేడా ఉన్న రెండు బేరింగులు కాగితం మీద ఒకటే అయిపోతాయి.

వీటికి భాషలోనే దారి ఉంది. లిస్టులో విలువని రాయించే రైట్ (WRITE) స్టేట్‌మెంట్‌లో ఎన్నో గడిలో మొదలవ్వాలో, ఆ పక్కనే బ్రాకెట్లో వెడల్పు ఎంతో చెప్పొచ్చు, రెంటి మధ్య ఖాళీ ఉండకూడదు, అంతే. అందులోనే అండర్ (UNDER) అని రాస్తే హెడ్డింగు ఎక్కడుంటే విలువ దాని కిందే నిలబడుతుంది, రేపు హెడ్డింగు జరిపినా వెంట వస్తుంది. డబ్బు కాలమ్‌కి కరెన్సీ చెప్పడం అస్సలు మరవకూడదు: యెన్‌కి పైసల్లేవు కాబట్టి, చెప్పకపోతే చివరి రెండంకెలూ పైసల్లా పడి, వెయ్యి యెన్‌లు 10.00 అయిపోతాయి.

కాలమ్‌లు తానే సర్దిపెట్టే ఏఎల్‌వీ అనే రెడీమేడ్ పట్టిక శాప్‌లో ఉండగా ఇదంతా ఎందుకంటారు కొందరు. కొత్త రిపోర్టులకి నేనూ ఏఎల్‌వీయే వాడతాను. కానీ కొత్తగా చేరినవాడి చేతికి ముందు ఇచ్చేది పాత ప్రోగ్రామ్ రిపేరే కదా!

అందుకే వారానికి అరకాలమ్ దీనికి ఇవ్వండి, తెలుగులో. నమూనా లిస్టుని మాత్రం బొమ్మగానే వేయండి, అక్షరాలుగా కూర్చితే అచ్చులో ఖాళీలు కుదించుకుపోయి పాఠం అర్థం కాదు. రాసిపెట్టడానికి నేను సిద్ధం, డబ్బులేమీ అక్కర్లేదు.

— ఒక అబాప్ ప్రోగ్రామర్, మారతహళ్లి, బెంగళూరు