గ్రాముల నుంచి కిలోలకు వెళ్లే దారి కావాలి

సంపాదకులకు నమస్కారం.

పరవాడ ఫార్మాసిటీలో చాలా ఏళ్లు ప్రాసెస్ కెమిస్ట్‌గా చేశాను. ఒకసారి మా యూనిట్‌లో వెండి నానో కణాలు, అంటే కంటికి కనిపించనంత సన్నటి వెండి రేణువులు, తయారు చెయ్యాల్సి వచ్చింది. 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో ద్రావణం లేత పసుపు రంగులో చక్కగా దిగింది. కణాలు చిన్నవిగా, విడివిడిగా ఉన్నాయనడానికి ఆ పసుపే గుర్తు. అదే పద్ధతిలో 100 లీటర్ల రియాక్టర్‌లో చేశాం. గంట తిరక్కుండానే బూడిద రంగుకు మారి, అడుగున మడ్డి పేరుకుంది. కణాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

తప్పు కెమిస్ట్రీది కాదు. ఫ్లాస్కులోని వెండి లవణం ద్రావణంలో, దాన్ని కణాలుగా మార్చే రెండో ద్రావణం చుక్క పడీపడగానే అంతటా కలుస్తుంది. పెద్ద రియాక్టర్‌లో స్టిర్రర్ దగ్గర ఒక గాఢత, గోడ దగ్గర ఇంకో గాఢత. వేడి సంగతీ అంతే. ఆకారం మారకుండా పరిమాణం 1000 రెట్లు పెరిగితే, వేడిని లాగే గోడ వైశాల్యం పెరిగేది 100 రెట్లే. కణాలేమో ద్రావణాలు పూర్తిగా కలిసేలోపే పుట్టేస్తాయి, అందుకే ఒక్కోటి ఒక్కో సైజు.

దీనికి మార్గం ఉంది. సన్నటి గొట్టాల్లో రెండు ద్రావణాలనూ ఆగకుండా పారిస్తూ కలపాలి. ఉత్పత్తి పెంచాలంటే గొట్టాల సంఖ్య పెంచాలి. కానీ ఆ సామగ్రి, ప్రతి బ్యాచ్‌లో కణాల సైజు కొలిచే యంత్రాలు చిన్న యూనిట్లు సొంతంగా కొనగలిగేవి కావు. స్టీల్ ప్లాంట్ దగ్గరి మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల కంపెనీలు ఉమ్మడి టెస్టింగ్ ల్యాబులు వాడుకుంటున్నాయి. నానో కణాలకూ అలాంటి ఉమ్మడి పైలట్ ప్లాంట్ (భారీ ఉత్పత్తికి ముందు చేసి చూసుకునే చిన్న ప్లాంట్) ఒకటి, రోజు అద్దెకు దొరికేలా, విశాఖలో పెట్టాలని పరిశ్రమల శాఖను కోరుతున్నాను. ఆంధ్రా విశ్వవిద్యాలయం కూడా ఇందులో చేయి కలపాలి.

భద్రత మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ అనే రసాయనం ఆవిరికి జనం కుప్పకూలిన దృశ్యాలు ఈ ఊరు మర్చిపోలేదు. నానో కణాల్లో అసలు భయం ఆరబెట్టే చోట. ఆ పొడి గాల్లో తేలుతుంది, ఊపిరితిత్తుల లోతుల దాకా పోతుంది, గుడ్డ మాస్కుకు ఆగదు. వీలైనంతవరకు ద్రవంలోనే ఉంచి అమ్మడం మేలు. కడిగిన నీళ్లనూ వదిలెయ్యకూడదు. సూక్ష్మక్రిములను చంపుతుందనే కదా వెండిని వాడేది! అదే వెండి శుద్ధి ప్లాంట్‌లో మురుగును తినే బ్యాక్టీరియానూ దెబ్బతీస్తుంది. ఆ నీళ్లు చివరికి చేరేది మన మత్స్యకారులు వేటకెళ్లే సముద్రానికే.

అలాంటి ప్లాంట్ వస్తే వారానికి రెండు రోజులు వచ్చి, మా బ్యాచ్ ఎందుకు పాడైందో కుర్రాళ్లకు దగ్గరుండి చూపిస్తాను. జీతం అక్కర్లేదు.

— ఒక రిటైర్డ్ ప్రాసెస్ కెమిస్ట్,
గాజువాక, విశాఖపట్నం