వాతావరణ శాఖ మంత్రి గారికి ఒక మాజీ ఫోర్‌కాస్టర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. కొత్త సూపర్‌కంప్యూటర్ వస్తే ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటోలు ఉంటాయి. అది లెక్కగట్టిన అంకెలను చూసి హెచ్చరిక రాసే మనిషి టేబుల్ మీద ఏ కంప్యూటర్ ఉందో ఎవరూ అడగరు. ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసినవాణ్ణి కాబట్టి ఆ టేబుల్ గురించే రాస్తున్నాను.

ఒక రాత్రి ఉరుముల మేఘాలు వరుసకట్టి కదిలొస్తున్నాయి. రాడార్ లూప్ ఉన్నట్టుండి నిలిచిపోయింది. తెర మీద ఇసుక గడియారం తిరుగుతూనే ఉంది. మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే, సాఫ్ట్‌వేర్ వాడటానికి అనుమతి ఇచ్చే లైసెన్స్ సర్వర్ దొరకడం లేదని మెసేజ్! పక్క గదికి పరుగెత్తి, అక్కడి చిన్న తెర మీద మేఘం ఎటు పోతోందో చూసి బులెటిన్ రాశాం. తెల్లారాక కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ వెర్షన్‌కు సపోర్ట్ ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు. అంతకంటే బాధ కలిగించింది ఇంకొకటి. మేం దాచుకున్న పాత తుపాను చార్టులు ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోవు. ఇలాంటి తుపాను ఇదివరకు ఎటు తిరిగిందో చూసుకోవడం మా పనిలో సగం.

ఇందుకే ఫోర్‌కాస్టర్ల టేబుళ్ల మీది ఈ కంప్యూటర్లను, అంటే వర్క్‌స్టేషన్లను, ఓపెన్ సోర్స్‌కు (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌కు) మార్చమని అడుగుతున్నాను. ఇది సాహసమేమీ కాదు. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి అన్నీ లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తున్నాయి. వాతావరణాన్ని ముందుగా లెక్కగట్టే డబ్ల్యూఆర్ఎఫ్ అనే కంప్యూటర్ నమూనా సోర్స్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు. అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ తన ఫోర్‌కాస్టర్లు వాడే ఏవిప్స్ వ్యవస్థను పాత యూనిక్స్ వర్క్‌స్టేషన్ల నుంచి లైనక్స్‌కు ఎప్పుడో మార్చుకుంది. యూరప్ మధ్యశ్రేణి వాతావరణ సూచనల కేంద్రం తయారుచేసిన, వాతావరణ డేటాను చార్టులుగా చూపే మెట్‌వ్యూ సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్సే.

ఒక్క మనవి. ఓపెన్ సోర్స్ అంటే ఖర్చే ఉండదని మాత్రం ఆర్థిక శాఖకు చెప్పకండి! ఆ మాట వింటే శిక్షణ డబ్బు కూడా కోసేస్తారు. లైనక్స్‌కూ ముసలితనం వస్తుంది. లైనక్స్ రకాల్లో ఒకటైన సెంట్ఓఎస్ 7కు 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. తేడా ఏమిటంటే, కోడ్ మన చేతిలో ఉంటుంది కాబట్టి బాగుచేసుకోవడానికి ఒకే కంపెనీ గుమ్మం దగ్గర నిలబడక్కర్లేదు. అయితే బాగుచేయగల మనిషి ఆఫీసులో ఉండాలి. లైసెన్సుల మీద మిగిలే డబ్బు ఆ మనిషి జీతానికీ, ఫోర్‌కాస్టర్ల శిక్షణకూ పోవాలి.

మార్పు ఒక్కరాత్రిలో వద్దు. వానలు లేని నెలల్లో మొదలుపెట్టి, ఒక తుపాను సీజన్ మొత్తం పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడవనివ్వండి. ఏళ్లుగా వేళ్లకు అలవాటైన షార్ట్‌కట్ కీలు మారితే సీనియర్లకు టెన్షన్ తప్పదు. వాళ్లను విసుక్కోకుండా, మెనూలు ఎలా ఉండాలో ముందు వాళ్లనే అడగండి.

పాత యంత్రాలను తీసేసే లోపు ఆ తుపాను చార్టులన్నీ నెట్‌సీడీఎఫ్ వంటి అందరికీ తెరుచుకునే ఫార్మాట్‌లోకి మార్పించండి. ఈ పని కొత్త టెండర్ దాకా ఆగేది కాదు.

ఇట్లు,
ఒక మాజీ ఫోర్‌కాస్టర్