ప్లేట్లు లెక్కపెట్టారు, నీళ్లు మర్చిపోయారు

సంపాదకుల వారికి,

మొన్నటి ఆదివారం అనుబంధంలో ఇంటి అయోనైజర్లను, అంటే కుళాయి నీళ్లను కరెంటుతో క్షారపు నీళ్లుగా మార్చే మెషీన్లను, పోలుస్తూ మీరు వేసిన రెండు పేజీల వ్యాసం గురించి ఈ ఉత్తరం. వచ్చి వారం దాటిందని తెలుసు. ఆ రోజే రాసుంటే మీరు అచ్చు వేయలేని మాటలు పడేవి, కాస్త చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

ఐదు మెషీన్లు, ఐదు ఫొటోలు, పక్కన నక్షత్రాలు. ఒకదానికి లోపల 7 ప్లేట్లు (కరెంటు పారే లోహపు రేకులు), ఇంకోదానికి 11, కాబట్టి 11 ప్లేట్లదే గొప్పదని తేల్చేశారు. ఈ లెక్కన రెక్కలు ఎక్కువున్న ఫ్యాన్ కిందే ఎక్కువ గాలి రావాలి. ప్లేటు సైజు ఎంత, కరెంటు ఎంత లాగుతుంది, నీటి ధార ఎంత వేగంగా పెడితే ఆ పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 దాటితే క్షారం) వచ్చింది, ఏదీ లేదు. ధార సన్నం చేస్తే చిన్న మెషీన్ కూడా పెద్ద పీహెచ్ చూపిస్తుంది, ఈ సంగతి వాడేవాళ్లందరికీ తెలుసు. మీ పట్టికలో ప్లేట్లున్నాయి, పీహెచ్ ఉంది, వారంటీ ఉంది, చివరికి బాడీ ఏయే రంగుల్లో దొరుకుతుందో కూడా ఉంది. లోపలికి వెళ్లే నీళ్లు ఎలాంటివన్న గడి మాత్రం లేదు!

నేను లెక్చరర్‌ని కాదు. ముప్పై ఏళ్లు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో గాజు సామాను కడిగి, ద్రావణాలు కలిపిపెట్టి రిటైరైనవాడిని. అయినా ఈ మెషీన్‌లో జరిగేదేమిటో చెప్పడానికి ఆ మాత్రం చాలు. ప్లాటినం పూత ఉన్న టైటానియం రేకులు, వాటి మధ్య పలచటి పొర, కరెంటు. నెగెటివ్ రేకు దగ్గర హైడ్రోజన్ బుడగలు పుడతాయి, హైడ్రాక్సైడ్ మిగులుతుంది, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం అటువైపు చేరతాయి. అవే మనకిచ్చే క్షారపు నీళ్లు. పాజిటివ్ వైపు పుట్టిన ఆమ్లపు నీళ్లు ఇంకో గొట్టంలోంచి సింకులోకి పోతాయి. స్కూల్లో చదివిన విద్యుద్విశ్లేషణే, పైన మెరిసే డబ్బా ఒకటి తగిలించారు.

ఇందులో శుద్ధి చేసే పని ఎక్కడుందో మీ రచయిత చూపించాలి. మెషీన్‌కి ముందుండే కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌నీ వాసననీ పడుతుంది, మంచిదే. కానీ ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ ఉన్న నీళ్లకి ఈ రేకుల మీద ఆధారపడితే అంతే సంగతులు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని, ఆర్సెనిక్ 0.01 దాటకూడదని, నైట్రేట్ 50 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే సంస్థ పీహెచ్‌కి మాత్రం ఆరోగ్యం లెక్కన పరిమితేదీ పెట్టలేదు. అంటే ముందు చూడాల్సినవాటిని మీరు వదిలేశారు, వాళ్లు పరిమితి అక్కర్లేదన్నదానికి నక్షత్రాలిచ్చారు.

ఇంకో ఆణిముత్యం. మూడో మెషీన్ కింద 'ఆర్ఓ తర్వాత బిగించుకుంటే మరింత శ్రేష్ఠం' అని రాశారు. ఆర్ఓ ఖనిజాలను తీసేస్తుంది. ఖనిజాలు లేకపోతే నీళ్లలో కరెంటు సరిగా పారదు. కరెంటు పారకపోతే అయోనైజర్ చేసేది సున్నా. మళ్లీ ఖనిజాలు కలిపే కార్ట్రిడ్జ్ మధ్యలో పెట్టకుండా ఈ సలహా పాటించినవాళ్ల ఇంట్లో ఆ డబ్బా గోడ గడియారంతో సమానం, కాకపోతే గడియారం టైమన్నా చూపిస్తుంది.

మా బావమరిది ఇంట్లో జరిగిన డెమో సంగతి చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి టేబుల్ మీద రెండు గ్లాసులు పెట్టాడు, ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో మెషీన్ నీళ్లు. పీహెచ్‌ని బట్టి రంగు మారే ద్రావణం చిన్న సీసాలోంచి రెండింట్లోనూ మూడేసి చుక్కలు వేశాడు. మామూలు నీళ్లు ఆకుపచ్చగా మారాయి, మెషీన్ నీళ్లు ఊదా రంగుకి తిరిగాయి. ఇంటిల్లిపాదీ 'అబ్బా' అన్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్లి చిటికెడు వంటసోడా తెచ్చి ఆ మామూలు నీళ్లలో కలిపాను, అది నీలం వైపు జరిగింది. 'సార్, అది కెమికల్, ఇది నేచురల్' అన్నాడు. సరే బాబూ అని ఒక స్ట్రా తీసుకుని ఆ ఊదా గ్లాసులోకి బుడగలొచ్చేలా నిదానంగా ఊదుతూ కూర్చున్నాను. ఊదా కాస్తా నీలమైంది, నీలం ఆకుపచ్చయింది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌కే ఆగలేని క్షారం కడుపులోకి వెళ్లి ఏం ఉద్ధరిస్తుందయ్యా అని అడిగాను. కుర్రాడు గ్లాసులు సర్దుకోవడం మొదలుపెట్టాడు. బావమరిది మాత్రం నావైపు గుర్రుగా చూశాడు, ఎందుకంటే అడ్వాన్సు అప్పటికే ఇచ్చేశాడట.

అంకెల్లో కావాలంటే వినండి. పీహెచ్ 9.5 ఉన్న నీళ్లు లీటరు తాగారనుకోండి. ఆ లీటరులోని హైడ్రాక్సైడ్ మొత్తాన్నీ మట్టుపెట్టడానికి పీహెచ్ 1.5 ఉన్న కడుపు ఆమ్లం ఒక్క మిల్లీలీటరు చాలు. రక్తం పీహెచ్‌ని 7.35, 7.45 మధ్య నిలబెట్టే పని ఊపిరితిత్తులూ కిడ్నీలూ చూసుకుంటాయి, మన గ్లాసు కోసం అవి ఎదురుచూడటం లేదు. మీ వ్యాసమేమో 'రక్తాన్ని క్షారంగా మారుస్తుంది' అని ధీమాగా రాసేసింది. నిజంగా మారిస్తే ఆ మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

క్షారంలో క్యాన్సర్ బతకదని కనిపెట్టినందుకే జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్‌కి నోబెల్ ఇచ్చారని కూడా వేశారు. అమ్మేవాళ్లు చెప్పే కథ ఇది, మీరు అచ్చు గుద్దారు. ఆయనకి 1931లో నోబెల్ వచ్చింది శ్వాసక్రియలో పనిచేసే ఎంజైమ్ మీద చేసిన పనికి. ఇది సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. ఒకప్పుడు మీ పత్రికలో ఒక అంకె తప్పు పడితే మర్నాడు మొదటి పేజీలో సవరణ వేసేవాళ్లు. ఇప్పుడు నోబెల్ బహుమతే మారిపోయినా అడిగే దిక్కు లేదు. నక్షత్రాలు పంచిన పేజీకి ఎదుటి పేజీలో సగం దాకా ఒక అయోనైజర్ ప్రకటన ఉండటం కాకతాళీయమేనని నమ్మడానికి శతవిధాలా ప్రయత్నిస్తున్నాను.

అలాగని ఈ మెషీన్లన్నీ పూర్తిగా బూటకమని నేననడం లేదు. జపాన్ ప్రభుత్వం 1965లోనే ఇలాంటి పరికరాలకి జీర్ణసంబంధమైన చిన్న ఇబ్బందుల వరకు వైద్య పరికరాలుగా అనుమతి ఇచ్చింది. ఆ వరకే, షుగరుకీ కీళ్లనొప్పులకీ కాదు. నీళ్లలో కరిగే హైడ్రోజన్ మీద పరిశోధనలు నడుస్తున్నాయి, అవేం చెబుతాయో చూద్దాం. పోల్చదలిస్తే అసలు పోల్చాల్సింది దాన్నే. మామూలు పీడనంలో లీటరు నీళ్లలో కరగగలిగిన హైడ్రోజన్ దాదాపు 1.6 మిల్లీగ్రాములు, అంతకు మించి చుట్టూ గాలిలోకే పోతుంది, మూత లేని గ్లాసులో వదిలేస్తే కరిగింది కూడా మెల్లగా జారుకుంటుంది. మీరు పెద్దక్షరాల్లో వేసిన ఆ మైనస్ ఓఆర్పీ (నీళ్లు ఆక్సీకరణ వైపు మొగ్గుతాయో, క్షయకరణ వైపో చెప్పే కొలత) అంకె చాలావరకు ఈ హైడ్రోజన్ చలవే. ఏడాది వాడాక, రేకుల మీద సున్నపు పొర తెల్లగా పేరుకున్నాక, ఆ అంకె ఎంతకి పడుతుంది? గట్టి నీళ్లున్న ఇళ్లలో నెలనెలా నిమ్మ ఉప్పుతో కడుక్కోలేక చస్తున్నారు, మీ వ్యాసంలో దాని ఊసే లేదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా తాగొద్దని, ఈ నీళ్లతో మాత్రలు వేసుకోవద్దని ఒక్క వాక్యం రాయడానికి జాగా లేకపోయింది, రంగులకి మాత్రం దొరికింది.

జనం వీటి వెంట ఎందుకు పడుతున్నారంటే కుళాయి నీళ్ల మీద నమ్మకం పోయి. అది వాళ్ల తప్పా? సరఫరా చేసే ఆఫీసుకి వెళ్లి నీటి పరీక్ష రిపోర్టు ఇవ్వమంటే నన్ను మూడు కిటికీలు తిప్పారు. నాలుగోసారి వెళ్తే కాగితం చేతిలో పెట్టారు. అందులో 'తాగుటకు యోగ్యము' అని ముద్ర ఉంది, కింద సంతకం ఉంది, అంకె ఒక్కటీ లేదు. ఏమేం పరీక్షించారండీ అంటే, అన్నీ అన్నాడు. అన్నీ అంటే? అన్నీ అంటే అన్నీ! ఇంకేం అడుగుతాం. ఆ ఖాళీలోకే టై కట్టుకున్న కుర్రాళ్లు చుక్కల సీసాలు పట్టుకుని దూరుతున్నారు. మా కాలనీలో ప్రతివాడి జేబులో నీళ్లలో కరిగిన లవణాలను అంచనా వేసే టీడీఎస్ మీటరొకటి, కనిపించిన ప్రతి గ్లాసులో ముంచడమే పని. అది చూపించేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందనే. బాక్టీరియా దానికి కనబడదు, ప్రాణం తీసేంత ఆర్సెనిక్ ఉన్నా ఆ మీటరు చెక్కుచెదరదు.

మీ వ్యాసం చివర 'రెండో భాగం త్వరలో' అని వేశారు. రాసేముందు ఆ ఐదు మెషీన్లలోకీ ఒకే కుళాయి నీళ్లు ఒకే వేగంతో పంపించి, లోపలికి వెళ్లకముందు ఒక సీసా, బయటికొచ్చాక ఒక సీసా మంచి ల్యాబ్‌కి ఇప్పించండి. వచ్చిన అంకెలు రెండు వరుసల్లో వేస్తే చాలు. జాగా సరిపోకపోతే నక్షత్రాలు తీసేయండి.

ఇట్లు,
మీ పాత చందాదారుడు