రైసు మిల్లు లెక్కలకు ఏ డేటాబేస్ మేలు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మిర్యాలగూడ రైసు మిల్లుల్లో, బాదేపల్లి మార్కెట్ అడ్తి (కమీషన్ వ్యాపారుల) దుకాణాల్లో ఎక్సెల్ వదిలేసి వెబ్ సాఫ్ట్‌వేర్ చేయించుకోవాలని చూసేవాళ్లున్నారు. చేయించుకునేవారు ముందు ఖర్చు అడుగుతారు. చేసిచ్చేవారు ఏ ఫ్రేమ్‌వర్క్‌లో (సాఫ్ట్‌వేర్ కట్టే సిద్ధ చట్రంలో) చేస్తామో చెబుతారు. డేటాబేస్ (లెక్కలు దాచే సాఫ్ట్‌వేర్) టేబుళ్లలో ఏం రాస్తారు, ఎట్లా రాస్తారు అనే మాట మాత్రం ఎవరూ ఎత్తరు. లెక్కలు చెడేది అక్కడే.

సర్వే నంబరునే తీసుకోండి. దానికి అంకెల కాలమ్ పెడితే 112/అ, 112/ఆ/1 ఎక్కడ రాయాలి? అది టెక్స్ట్‌గానే ఉండాలి. బ్యాంకు ఖాతా నంబరూ అంతే. అంకెల కాలమ్‌లో పెడితే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, రైతుకు పంపిన డబ్బు తిరిగొస్తుంది. తూకానికి, డబ్బుకు అంకెలే కావాలి గానీ ఫ్లోట్ (దశాంశాలను బైనరీలో దగ్గరి విలువగా దాచే కాలమ్ రకం) వద్దు. 0.1కి బైనరీలో కచ్చితమైన రూపం లేదు. వందల లోడ్ల తరుగు కూడేసరికి తక్‌పట్టీలో (రైతుకిచ్చే తూకం, ధరల చీటీలో) ఒక మొత్తం, ఖాతాలో ఇంకో మొత్తం కనబడవచ్చు. దశాంశాలను ఉన్నవున్నట్టు దాచే డెసిమల్ రకం వాడాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ధర. గ్రేడ్-ఎ వడ్ల మద్దతు ధర 2024-25లో క్వింటాలుకు రూ.2,320 ఉండగా, 2025-26లో రూ.2,389 అయింది. ధరను ఒక్క టేబుల్‌లోనే ఉంచి బిల్లులన్నీ అక్కడి నుంచే లెక్క కట్టేటట్టు రాస్తే, కొత్త ధర ఎక్కించిన రోజున నిరుటి బిల్లులు కూడా క్వింటాలుకు 69 రూపాయలు పెరిగి కూర్చుంటాయి. కొన్ననాటి ధర ఆ బిల్లు వరుసలోనే నిలిచి ఉండాలి.

రైతు, లోడు, తరుగు, చెల్లింపు ఒకదానితో ఒకటి ముడిపడిన లెక్కలు. వీటికి పోస్ట్‌గ్రెస్ గానీ మైఎస్‌క్యూఎల్ గానీ, టేబుళ్లను ఒకదానితో ఒకటి కలిపే డేటాబేస్ సరిపోతుంది. ఒక్కో రికార్డు ఒక్కో తీరుగా ఉండేచోట మోంగోడీబీ అనే డేటాబేస్ బాగుంటుంది, మిల్లు లెక్కలు అట్లాంటివి కావు. స్టాకులో బస్తాలు ఎక్కడం, రైతు ఖాతాలో జమ పడడం ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి జరిగే, లేదా ఏదీ జరగని ఒక్క పనిగా) జరగాలి. నడుమ కరెంటు పోతే రెండూ జరగనట్టే మిగలాలి.

ఒక కాంటా, ఒక ఆపరేటర్ ఉన్న చిన్న మిల్లుకు ఒక్క ఫైలులోనే లెక్కలు దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ చాలు, వేరే సర్వర్ అక్కర్లేదు. కానీ అది ఒక సమయంలో ఒక్కరినే రాయనిస్తుంది. సీజన్‌లో నాలుగు కౌంటర్ల నుంచి ఒకేసారి ఎక్కిస్తే 'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అని ఆగిపోవచ్చు. ఆ ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి నాలుగు కంప్యూటర్లలో తెరవడం ఇంకా ప్రమాదం. నెట్‌వర్క్ మీద లాకింగ్ (ఒకరు రాస్తుంటే మరొకరిని ఆపడం) సరిగా పనిచేయకపోతే ఫైలే చెడిపోవచ్చు.

మైఎస్‌క్యూఎల్ ఎంచుకుంటే ప్రతి టేబుల్‌కూ యూటీఎఫ్8ఎంబీ4 (తెలుగుతో సహా అన్ని లిపులూ దాచగల అక్షర పద్ధతి) పెట్టారో లేదో చూడండి. 8.0కు ముందు వెర్షన్లలో ఏమీ చెప్పకపోతే తెలుగు పట్టని లాటిన్1 అనే పద్ధతి వచ్చేది. అందులో దాచిన తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలైపోవచ్చు, అట్లా పోతే మళ్లీ రాబట్టలేం. కాలమ్ పొడవు కూడా చూడాలి. 'లక్ష్మి' మన కంటికి రెండక్షరాలే, కంప్యూటర్‌కు మాత్రం 7 సంకేతాలు (హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు ఒక్కోటీ ఒక సంకేతం), 21 బైట్లు. ఇంటిపేరుతో కలిపి రాసే పేరుకు 20 సంకేతాల కాలమ్ చాలదు.

ఫ్రేమ్‌వర్క్ విషయంలో పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. లాగిన్లు, టేబుల్ మార్పుల నమోదు జాంగో ఫ్రేమ్‌వర్క్‌లోనూ ఉన్నాయి, లారావెల్‌లోనూ ఉన్నాయి. రేపు మన జిల్లాలో బాగుచేసేవాళ్లు దేనికి దొరుకుతారో అదే తీసుకోవాలి. వెర్షన్ మాత్రం తప్పకుండా అడగండి. జాంగో 5.2కు 2028 ఏప్రిల్ వరకు భద్రతా సవరణలు వస్తాయి. లారావెల్‌కు ఆధారమైన పీహెచ్‌పీ భాష 7.4 వెర్షన్‌కు అవి 2022 నవంబరులోనే ఆగిపోయాయి, దాని మీద కొత్త పని ఒప్పుకోవద్దు.

రోజూ రాత్రి బ్యాకప్ తీస్తే సరిపోదు, అది ఇంకో కంప్యూటర్‌లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. నెలకోసారి ఆ బ్యాకప్‌ను ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, ఒక రైతు ఖాతా తెరిచి, మొత్తాలు కలుస్తున్నాయో లేదో చూడాలి. సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్ రాత), సర్వర్ పాస్‌వర్డులు, డొమైన్ (వెబ్ చిరునామా) మిల్లు లేదా దుకాణం యజమాని పేరిట చేతికి వచ్చాకనే ఆఖరి వాయిదా కట్టండి.

– వెబ్ డెవలపర్లు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా