వార్షిక నివేదిక: కొండగుడి, కాన్వెంటు గోడలు, మనం పట్టుకున్న పని

సభ్యులందరికీ నమస్కారం. మీటింగులు, చందాలు, చవితి భోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. లెక్కల పుస్తకం గదిలోనే ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఈ ఏడాది మన శ్రద్ధంతా విశాఖ వన్ టౌన్‌లోని పాత క్రైస్తవ మిషన్ కట్టడాల మీదే పెట్టాం.

ఆ కట్టడాలు చూపిస్తూ తిప్పిన నడకల్లో పిల్లలకు ముందు చరిత్ర చెప్పాం. ఆల్ప్స్ కొండల్లోని ఆనెసీలో 1838లో మొదలైన సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు 1846లో విశాఖ వచ్చారు, మరుసటేడే సెయింట్ అలోషియస్ బడి పెట్టారు. ఆనెసీ వాళ్లే అయిన సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లో, అప్పట్లో ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న యానాంలో దిగారు. వీళ్లంతా ఫ్రెంచి వాళ్లే అనుకుంటాం గానీ, వాళ్ల సవోయ్ సీమ అప్పటికి సార్డీనియా రాజ్యంలో ఉంది, ఫ్రాన్స్‌లో కలిసింది 1860లో.

రాస్ హిల్ కథ అందరికీ నచ్చింది. 1864లో రాస్ దొర కట్టుకున్న ఇల్లే తర్వాత ప్రార్థనాలయమై, మన కొండగుడి, అంటే మరియమాత చర్చి అయింది. పక్క కొండల మీద దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి. డిసెంబరు 8 మరియమాత పండగకి మెట్లెక్కే వాళ్లలో మతం ఎవరు అడుగుతారు!

ఇక గోడల సంగతి, నిజంగా టెన్షన్ పెడుతున్నది ఇదే. ఆ కాలపు మేడల పైకప్పుకు టేకు దూలాలు వేసి, వాటి మీద పల్చటి ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నం కాంక్రీటు పోసేవారు, దాన్నే మద్రాసు టెర్రస్ అంటారు. గోడలకు ఇసుక కలిపిన డంగు సున్నం. మన పెద్ద మేస్త్రి గారు బెల్లం, కరక్కాయలు నానేసిన నీళ్లు పోసి, సున్నాన్ని ఎలా నూరాలో కూర్చుని చూపించారు, తాపీకి వెన్నలా అంటుకునేదాకా ఆయన ఊరుకోలేదు. సున్నం చెమ్మను బయటికి వదుల్తుంది, సిమెంటు వదలదు. సముద్రం గాలికి గోడలో చేరిన ఉప్పు సిమెంటు వెనక పేరుకుని, పూతని పెచ్చులుగా ఊడదీస్తుంది. దగ్గర్లోని ఒక పాత మేడకు బాగుచేస్తామని సిమెంటు కొట్టారు, రెండు వానాకాలాలకే లోపలి ఇటుక గోరుతో గీరితే పొడిగా రాలుతోంది. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

అందుకని వచ్చే ఏడాది, వానలకు ముందే, అనుమతి దొరికిన ప్రతి పాత కట్టడానికీ ఫోటోలు, కొలతలు తీద్దాం. ఇంజినీరింగ్ చదివే మీ పిల్లల్ని పంపండి. సున్నం పని నేర్చుకోవాలనే కుర్ర మేస్త్రీలుంటే కార్యదర్శికి చెప్పండి, కూలి సంఘమే ఇస్తుంది.